నా ఇంటిపేరు లాపువా

తూటా పేలాక బులెట్ పోతుంది, డొప్ప మిగులుతుంది. ఆ డొప్పను నేను. అడుగున లాపువా అనీ, పక్కనే నా సైజు .308 విన్ అనీ ముద్ర కొట్టి ఉంటుంది. లాపువా ఫిన్లాండ్‌లో ఒక ఊరు. 1923 నుంచి అక్కడ తూటాల ఫ్యాక్టరీ ఉంది. 1976 ఏప్రిల్ 13న అందులో పేలుడు జరిగి 40 మంది పోయారు, అందులో 35 మంది ఆడవాళ్లే. నేను ఆ తర్వాత చాలా ఏళ్లకు పుట్టాను.

పుట్టడం ఇత్తడి బిళ్లగా: రాగి 70 పాళ్లు, జింకు 30. అచ్చుల్లో సాగదీసి, మధ్యమధ్య కాల్చి మెత్తబరిచి గొట్టం చేశారు. చివర్లో మెడకు మంట చూపించారు. ఆ కమిలిన మచ్చ ఇంకా ఉంది. కొన్ని కంపెనీలు మెరుగుపెట్టి దాన్ని పోగొడతాయి. అందుకే కొత్తగా కొన్నవాడు మమ్మల్ని చూసి పాత సరుకు అంటగట్టారేమో అనుకుంటాడు.

నన్ను కొన్నాయన ఒహాయోలోని క్యాంప్ పెర్రీలో వెయ్యి గజాల పోటీకి వెళ్తుంటాడు. తూటాలు ఇంట్లో తనే నింపుకుంటాడు. మొదటిసారి పేల్చాక, అడుగున మందును రాజేసే ప్రైమర్ పాతది తియ్యకుండానే నన్ను నీళ్లతో నింపి తూచాడు. 56 గ్రెయిన్ల చిల్లర పట్టాయి. గ్రెయిన్ అంటే 65 మిల్లీగ్రాములకు కాస్త తక్కువ. తర్వాత ఓ మిలటరీ డొప్పను తూచాడు. పైకొలతలు ఇద్దరివీ ఒకటే, రైఫిల్ చాంబర్‌లో పట్టాలి కదా. కానీ వాడి గోడలు మందం, కడుపు చిన్నది. అదే మందు పోస్తే వాడిలో ఒత్తిడి ఎక్కువ. నాకు సరిపోయిన మోతాదు వాడికి ప్రమాదం కావచ్చు. కంపెనీ మారిందంటే మోతాదు తగ్గించి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

కడుపు తేడా వల్ల బులెట్ వేగం మారుతుంది. వంద గజాల్లో అది కంటికి ఆనదు. వెయ్యి గజాల్లో వేగం సెకనుకు 10 మీటర్లు అటూఇటూ అయితే బులెట్ దాదాపు అడుగు పైకో కిందికో తగులుతుంది. అక్కడ గురిబిళ్ల నడిమి ఎక్స్ రింగు అడ్డకొలతే 10 అంగుళాలు!

మా వాళ్ల బరువులూ మెడ మందాలూ ఒకదానికొకటి బాగా దగ్గరగా ఉంటాయి, ధర మాత్రం కొండెక్కి కూర్చుంటుంది. అయినా నాలాంటివాటినీ ఇంకో మంచి కంపెనీవాటినీ కలగలిపిన పెట్టెకన్నా, ఒకే లాటులోని మామూలు డొప్పలు వంద ఉన్నా నయం. ఇక గాలి వాటం తెలియని షూటర్‌కు మేమెవరం ఏం చెయ్యగలం?

పేలినప్పుడల్లా ఉబ్బి చాంబర్ గోడకు అతుక్కుంటాను, వేడి వాయువు వెనక్కి తన్నకుండా. ఆ పైన డై అనే అచ్చులో నొక్కించుకుని మళ్లీ కొలతకొస్తాను. ఇలా ఉబ్బడం, కుంచించుకోవడంతో మెడ గట్టిపడుతుంది, బులెట్‌ను పట్టే బిగువు మారిపోతుంది. అందుకని అప్పుడప్పుడూ మెడ కాలుస్తాడు. పేపర్ క్లిప్పు కొస వంచి నా లోపల, అడుగుకు కాస్త పైన గీరి చూస్తాడు. గాడి తగిలిందంటే అక్కడ గోడ పలచబడ్డట్టే, ఇంకోసారి పేలిస్తే రెండు ముక్కలు కావచ్చు.

నాకు గాడి పడలేదు. వదులైపోయింది ప్రైమర్ గుంట. మొన్న కొత్త ప్రైమర్ వేలితో నొక్కితేనే దిగిపోయింది. ఆయన పెదవి విరిచి, పటకారుతో నా మూతి నలిపి పాత ఇత్తడి డబ్బాలో పడేశాడు. నలపకపోతే ఎప్పుడో పొరపాటున మళ్లీ మంచివాటిలో కలిసిపోతానని.