నర్సీపట్నం గాలి

నేను జలంధర్‌లో కుట్టిన ఫుట్‌బాల్‌ని. ఆరు మూలల ముక్కలు 20, అయిదు మూలల ముక్కలు 12, మొత్తం 32 ముక్కల్ని దారంతో కలిపి కుట్టి, లోపల రబ్బరు బ్లాడరు పెట్టి, చదునుగా అణచి అట్టపెట్టెలో వేసి పంపించారు. నా ఒళ్లు పంజాబుది, ఊపిరి మాత్రం నర్సీపట్నానిది. ఇక్కడి సర్కారు బళ్లో పీఈటీ మేష్టారు సూది తడిపి, వాల్వులోకి దించి, చేతిపంపుతో గాలి కొట్టి, బొటనవేలితో నొక్కి చూసి, "సరిపోయింది" అన్నాకే నేను బంతినయ్యాను. అందుకే ఏ ఊరని అడిగితే నర్సీపట్నం అనే చెప్పుకుంటాను.

ఇక్కడ సందు సందునా క్రికెట్టే. మేష్టారూ ఆయన చిన్ననాటి స్నేహితులు ముగ్గురూ మాత్రం వానాకాలంలో చిత్తడి నేల మీద ఫుట్‌బాల్ ఆడుతూ పెరిగారు. ఇప్పుడు ఒకాయన విశాఖ స్టీల్‌ప్లాంటులో, ఇంకొకాయన హైదరాబాదులో సాఫ్ట్‌వేరులో ఉన్నారు. మూడో ఆయన ఊళ్లోనే ఉండి చింతపల్లి రోడ్డు మీద జీపు తిప్పుతారు. పెళ్లిళ్లకీ చావులకీ తప్ప నలుగురూ ఒక చోట చేరడం కుదరక అప్పటికి చాలా కాలమైంది.

2022లో ఖతర్ ఎండలు వాళ్లని కలిపాయి. మామూలుగా జూన్, జూలైల్లో జరిగే ప్రపంచ కప్పుని అక్కడి వేడి భరించలేమని నవంబరు 20 నుంచి డిసెంబరు 18కి మార్చారు. డిసెంబరంటే మా వైపు లంబసింగి నెల. ఆ కొండ మీది ఊరిని ఆంధ్రా కశ్మీరమంటూ జనం విరగబడి వచ్చే రోజులవి. 17 శనివారం మూడో స్థానం మ్యాచ్, 18 ఆదివారం ఫైనల్, రెండూ మన టైము రాత్రి ఎనిమిదిన్నరకి. ఫోన్లో జీపాయన గొంతు నాక్కూడా వినిపించింది.

"ఒరే, శనారం కొండెక్కేద్దాం. ఆదోరం సీకటడేలకి దిగిపోయి మేష్టారి మేడ మీద ఫైనల్ సూద్దాం. ఏటంటావు?"

హైదరాబాదాయన ఏమన్నారో వినపడలేదు గానీ శనివారం పొద్దున్నే బస్సు దిగిపోయారు. నన్ను జీపులో వెనక సీటు కింద పడేశారు.

డౌనూరు దాటాక ఘాటీ మొదలవుతుంది. ఆ ఏడాదే ఏప్రిల్ 4న జిల్లాలు విడదీశారు. నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది, లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. ఎత్తు పెరిగే కొద్దీ నా ఒళ్లు బిగుసుకోవడం మొదలైంది. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున బయటి గాలి ఒత్తిడి కిందకంటే పదో వంతు తక్కువ. లోపల ఉన్నది మైదానపు గాలే కనుక అది బయటికి ఇంకా గట్టిగా తన్నింది. ఘాటీ మధ్యలో జీపు ఆపి ముగ్గురు నడిచారు. మేష్టారు నన్ను చంకలో పెట్టుకున్నారు.

ఆ రోడ్డు మీద నడిచేవాళ్లకి తెలియాల్సిన సంగతి ఒకటుంది. నర్సీపట్నం నుంచి లంబసింగికి బాట వేయించేటప్పుడు గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ మన్యం మనుషుల చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడు. అల్లూరి వెనక గాం గంటందొర, మల్లుదొర లాంటివాళ్లు కదలడానికి ఉన్న కారణాల్లో ఈ రోడ్డు కూడా ఒకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు చనిపోయారు. వాళ్ల సమాధులు మా నర్సీపట్నంలోనే ఉన్నాయి. మేష్టారు ఇదంతా చెబుతూ, "సరిగ్గా నూరేళ్లురా" అన్నారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. టూరిస్టు కార్లు హారన్లు కొట్టుకుంటూ పక్కనుంచి పోతూనే ఉన్నాయి. ఈ మలుపులు తిరిగే ప్రతివాళ్లూ ఒక్క నిమిషం ఆగి, ఈ రాళ్లు ఎవరు మోశారో తలుచుకుంటే బాగుండునని నా కోరిక.

సాయంత్రం డేరా వేసి, నెగడు రాజేసి, బొంగులో చికెన్ కూరి మంటలో పెట్టారు. మూడో స్థానం మ్యాచ్ ఫోనులో చూద్దామంటే సిగ్నలు వచ్చిపోతూ ఉంది. క్రొయేషియా 2–1తో మొరాకోని గెలిచిందని వాళ్లకి చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటికే కబుర్లు ఎక్కడెక్కడికో పోయాయి. ఒకాయన తండ్రి జబ్బు, ఇంకొకాయన కూతురి చదువు, స్టీల్‌ప్లాంటు ఏమవుతుందోనన్న బెంగ. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు కాళ్ల మధ్య నన్ను మెల్లగా అటూ ఇటూ దొర్లించారు. మాట కష్టమైన చోట పాదానికి ఏదో ఒక పని ఉండాలి. ఆ పని చెయ్యడానికి పనికొచ్చినందుకు నాకు ఎంతో సంతోషంగా ఉంది.

అర్ధరాత్రి దాటాక చలి నా మీదికి వచ్చింది. చల్లబడితే గాలి ముడుచుకుంటుంది. ఘాటీ ఎక్కేటప్పుడు వచ్చిన బిగువంతా ఆ చలిలో దిగిపోయింది. తెల్లారకముందు నొక్కి చూసిన మేష్టారు, "కింద కొట్టిన గాలి అలాగే ఉందిరా" అన్నారు. ఎత్తు పెంచినదాన్ని చలి తగ్గించిందని ఆయన లెక్క కట్టి మరీ వాళ్లకి చెప్పారు. పాఠం చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాలి, ఎంత వెలిగిపోతుందో!

చీకటితోనే చెరువులవేనం కొండెక్కారు. రాత్రంతా చల్లగాలి బరువెక్కి లోయలోకి జారుతుంది. అక్కడి తేమ మబ్బుగా మారి, ఎండ వేడెక్కేదాకా కదలకుండా ఉండిపోతుంది. పైన నిలబడి చూస్తే కొండల తలలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి, కిందంతా పాలపొంగు. తెల్లారాక ఫోటోలు తీసుకున్న జనం గబగబా దిగిపోయారు. వీళ్లు మాత్రం కాఫీ తోటల్లోంచి, సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియాల తీగల కిందనుంచి, పసుప్పచ్చగా పూసిన వలిసె చేల గట్ల మీదుగా తీరిగ్గా నడిచి ఒక చిన్న ఊరు చేరారు. కాఫీ పళ్లు ఎర్రగా పండి ఉన్నాయి. ఆడవాళ్లు బుట్టలు నడుముకి కట్టుకుని కోస్తున్నారు.

అక్కడ వరి కోసేసిన మడిలో గుంటలు నన్ను చూశారు. రాళ్లు పెట్టి గోలు కట్టారు. చెప్పుల్లేని పాదాలు, గట్టు మీంచి కిందికి దూకి మరీ తన్నేవాళ్లు. గోల్లో పదేళ్ల పిల్ల నిలబడింది. స్టీల్‌ప్లాంటాయన బలంగా కొట్టిన బంతిని రెండు చేతులా గుండెలకి హత్తుకుని వదల్లేదు. నా మీద పడిన దెబ్బలన్నిట్లోకీ ఆ పట్టే నాకు బాగా గుర్తుంది. ఆట ఆగాక మేష్టారు వాళ్లకి హైదరాబాద్ రహీం గారి సంగతి చెప్పారు. ఆయన శిక్షణలో మన జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వెళ్లింది, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాని 2–1తో ఓడించి ఏషియాడ్ బంగారం తెచ్చింది. "మనోళ్లేనా?" అని ఆ పిల్ల రెండుసార్లు అడిగింది.

అప్పుడే ఒక తాత జీలుగు చెట్టు దిగి వస్తున్నాడు. పొద్దున దింపిన జీలుగు కల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కే కొద్దీ పులుస్తుంది. అడ్డాకు దొప్పల్లో పోసిచ్చాడు.

"తాతా, ఎంతియ్యమంటావు?"

"ముందు తాగండి బాబూ. బాగుంటే ఇద్దురు."

చెట్టు కింద కూచుని దొప్ప చేతులు మారుతుంటే తాతే ఎక్కువ మాట్లాడాడు, వానల గురించి, ఎలుగుబంట్ల గురించి. జీపాయన కల్లు ముట్టలేదు, ఘాటీ దింపాల్సింది ఆయనే కదా. లేచేటప్పుడు దొప్పలతో పాటు వెనకటివాళ్లెవరో పడేసిన ప్లాస్టిక్ గ్లాసులు కూడా ఏరి సంచిలో వేసుకున్నారు. లంబసింగి మీద ప్రేమ ఉన్నవాళ్లు చెయ్యాల్సింది అదేనని నాకు గట్టి నమ్మకం.

కిందికి దిగాక ఆ రాత్రి మేష్టారి మేడ మీద గోడకి దుప్పటి కట్టి ప్రొజెక్టరు పెట్టారు. వీధిలో సగం మంది వచ్చారు. ఆ ఫైనల్లో ఆడిన బంతికి నాలాగా కుట్లు లేవు. దాని 20 ముక్కల్నీ వేడితో అతికించారు, సెకనుకి అయిదు వందల సార్లు కబురు పంపే సెన్సరు నడిమధ్యలో వేలాడుతోంది. అయినా తన్నితే దొర్లేది అదీ నేనూ ఒకటే. అర్జెంటీనా తరఫున మెస్సీ పెనాల్టీ, డి మరియా గోలు. ఇక అయిపోయిందని కొందరు లేచి వెళ్లిపోయారు. 80వ నిమిషంలో ఒకటి, 81లో ఇంకొకటి ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపె కొట్టేసరికి పక్కిళ్లవాళ్లు నిద్రలేచి వచ్చారు. అదనపు సమయంలో మెస్సీ మళ్లీ కొట్టాడు, ఎంబాపె మళ్లీ సమం చేశాడు. 1966లో హర్స్ట్ తరవాత పురుషుల ఫైనల్లో హ్యాట్రిక్ అతనిదే. ఆఖరి క్షణాల్లో కోలో మువానీ కొట్టిన బంతిని మార్టినెజ్ కాలు చాపి ఆపినప్పుడు మేష్టారు నన్ను గట్టిగా పట్టుకుని లేచి నిలబడిపోయారు. 3–3. పెనాల్టీల్లో 4–2తో అర్జెంటీనా. మోంటియెల్ ఆఖరిది కొట్టగానే మేడంతా అరుపులు.

దుప్పటి విప్పుతూ స్టీల్‌ప్లాంటాయన, "మళ్లీ కప్పు 2026లో, అమెరికా వైపట. మళ్లీ జూన్, జూలైలే. చలుండదు, మబ్బుండదు" అన్నారు.

"వానుంటాది" అన్నారు జీపాయన. "ఘాటీ నిండా నీళ్లు దూకతాయి. ఆట మన చిన్నప్పట్లాగా బురదలోనే."

"అప్పటిదాకా ఆగడమేటి, ఒచ్చే డిసెంబరుకి ఎక్కుదాం" అని హైదరాబాదాయన చెప్పులేసుకుంటూ అన్నారు. "ఆ పిల్లకి గోలీ గ్లౌజులు నేను తెస్తాను. ఏ సైజో తాతనడిగి సెప్పు మేష్టారూ."