ఒకటోసారి... రెండోసారి...

ఊళ్లో చెరువు చేపలకు వేలం వేస్తే పాట పైకి పోతుంది. గుడి ముందు కొబ్బరికాయల కొట్టుకు వేసినా పైకే పోతుంది. కార్ల పరిశ్రమ పెద్దలు ఈ విద్యను తలకిందులు చేశారు. ఇక్కడ పాడేవి దేశాలు, పాటకు పెట్టింది కార్మికుల కష్టం, అందరికంటే తక్కువకు పాడినవాడికి ఫ్యాక్టరీ.

జర్మనీ లేచి గంటకు 62 యూరోలు అంటుంది. 2023లో అక్కడి కార్ల పరిశ్రమలో ఒక మనిషి మీద గంటకు పడ్డ ఖర్చు సుమారు అంత. హాలంతా ఒకటే నవ్వు. చెక్ దేశం అందులో మూడో వంతుకు పాడుతుంది. రొమేనియా ఐదో వంతుకు దిగుతుంది. అమెరికా గొంతు సవరించుకునేలోపే మెక్సికో చెయ్యెత్తేస్తుంది. ఆఖరి వరసలోంచి మనం లేస్తాం. మా దగ్గర గంటల లెక్కే లేదండీ, నెల లెక్క, అదీ కాంట్రాక్టరు కోసుకోగా మిగిలింది, పైగా భూమి, నీళ్లు, కరెంటు, పన్ను రాయితీ మా తరఫు కట్నం అంటాం. ఒకటోసారి, రెండోసారి... మూడోసారి మాత్రం ఎప్పటికీ అనరు. అనేస్తే పాట ఖాయమైపోతుంది. రేపు ఇంకా తక్కువకు పాడేవాడు దొరక్కపోతాడా?

దీనికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు అంతర్జాతీయ పోటీ.

ఇంతకీ కారు ధరలో జీతం వాటా ఎంత? దేశంలో అందరికంటే ఎక్కువ కార్లు అమ్మే మారుతి లెక్కలు తీసి చూడండి. నూరు రూపాయల అమ్మకంలో ఉద్యోగుల పద్దు కింద రాసుకునేది నాలుగైదు రూపాయలు. మేనేజింగ్ డైరెక్టరు గారి జీతం కూడా అందులోనే. ఎనిమిది లక్షల కారు కొన్నవాడు షోరూంలో సీటు కవర్లకూ, అడుగున కొట్టే కోటింగుకూ నోరెత్తకుండా సమర్పించుకునేదీ ఇంచుమించు అంతే. విడిభాగాలు చేసేవాళ్ల జీతాలు ఇందులో కలవవన్నది నిజం. వైరింగు తీగల కట్టలు ఇప్పటికీ చేత్తోనే అల్లాలి కాబట్టి ఆ పని కూలి చవకైన చోటికే పోతుందన్నదీ నిజమే. 2022లో యుద్ధం వచ్చి ఉక్రెయిన్ నుంచి ఆ కట్టలు ఆగిపోతే ఫోక్స్‌వ్యాగన్, బీఎండబ్ల్యూ అంతటి వాళ్ల లైన్లు నిలిచిపోయాయి. వాళ్లు ఏ చేతులకు కూలి తగ్గించి ఇస్తున్నారో ఆ చేతులు ఆగిన రోజునే తెలిసింది, ఉక్కు కంటే, కంప్యూటరు కంటే అవే ఖరీదని.

ఇంకో వింత చూడండి. విదేశంలో తయారైన కారు మన రేవులో దిగితే సుంకం నూరు శాతం పైకి కూడా పోతుంది. 2025 జులైలో టెస్లా వాళ్లు ముంబైలో కొట్టు తెరిచి మోడల్ వైని దాదాపు 60 లక్షలకు పెట్టింది ఆ సుంకం పుణ్యమే. అంత ఎత్తు గోడ చాటున చల్లగా కూర్చున్న పరిశ్రమ, కార్మికుడు నెలకు వెయ్యి పెంచమనగానే "ప్రపంచంతో పోటీ పడాలి నాయనా" అని నీతులు మొదలెడుతుంది. ప్రపంచం గోడ అవతల ఉంది. పోటీ మాత్రం అతనొక్కడికే.

పోనీ, పోటీయే ధర్మం అనుకుందాం. ధర్మం అందరికీ ఒకటే ఉండాలిగా. 2022లో జనరల్ మోటార్స్ అధినేత్రి మేరీ బారా గారి మొత్తం ఆదాయం దాదాపు 2 కోట్ల 90 లక్షల డాలర్లు. ఆ కంపెనీలో నడిమి స్థాయి ఉద్యోగికి వచ్చేదానికి 362 రెట్లు. ఆ మరుసటి మార్చితో ముగిసిన ఏడాదికి టయోటా పెద్ద అకియో టయోడా గారికి ముట్టింది సుమారు 100 కోట్ల యెన్లు, అంటే 70 లక్షల డాలర్ల చిల్లర. టయోటా ఏటా కోటి కార్లు అమ్ముతుంది, జీఎం 60 లక్షల దరిదాపుల్లో ఉంటుంది. ఎక్కువ కార్లు చేయించే జపాను యజమాని నాలుగో వంతు ధరకే దొరుకుతున్నప్పుడు డెట్రాయిట్ కుర్చీని టోక్యోకు తరలించరెందుకు? కూలి చవకైన చోటికి పని పోవాలన్న సూత్రం ఆ అంతస్తు లిఫ్టు ఎక్కదా? టోక్యో కూడా ఖరీదనుకుంటే పుణెలోనో, చెన్నైలోనో వెతికితే ఇంకా చవకలో, అల్పాహారం కూడా అడగని ఎంబీఏలు బారులు తీరి ఉన్నారు. కాంట్రాక్టు మీద తీసుకోవచ్చు. పదకొండు నెలలకోసారి బ్రేక్ ఇచ్చి మళ్లీ చేర్చుకోవచ్చు. పీఎఫ్ బెడద కూడా ఉండదు.

వాళ్ల జీతం నిర్ణయించేటప్పుడు మాత్రం పోటీ అర్థమే మారిపోతుంది. "ఇంత ఇవ్వకపోతే ఇలాంటి మేధావి దొరకడు" అంటారు బోర్డు వారు. స్టెల్లాంటిస్ మేధావి కార్లోస్ తవారెస్‌కు 2023లో 3 కోట్ల 65 లక్షల యూరోలు దక్కాయి. ఖర్చులు కోయడంలో ఘనుడని పేరు. అమెరికాలో అమ్మకాలు కుప్పకూలి, 2024 డిసెంబర్ 1న ఆయనే రాజీనామా చేయాల్సి వచ్చింది. కార్మికుడి విషయంలో జీతం ఖర్చు. అధిపతి విషయంలో అదే జీతం ప్రోత్సాహం. 2008 నవంబర్‌లో డెట్రాయిట్ కంపెనీల అధినేతలు ముగ్గురూ ప్రభుత్వ సాయం అడుక్కోవడానికి వాషింగ్టన్‌కు ఎవరి కంపెనీ విమానంలో వాళ్లు వెళ్లారు. అదే రోజుల్లో పత్రికలు కార్మికుడు గంటకు 70 డాలర్లు మింగేస్తున్నాడని గగ్గోలు పెట్టాయి. అతని చేతికొచ్చేది 28, 29 డాలర్లు. మిగతాదాంట్లో అతని సదుపాయాల ఖర్చుతో పాటు ఎప్పుడో రిటైరైన ముసలివాళ్ల వైద్యం, పింఛన్ల బాకీ కూడా ఉంది. ఆ బాకీని అతని జీతంలో కలిపి చూపిన గుమాస్తా ఎవడో గాని, మన ఊరి వడ్డీ వ్యాపారి దగ్గర శిష్యరికం చేసి ఉండాలి.

ఈ పాటలకు ఆది గురువు హెన్రీ ఫోర్డ్ అంటే చాలామంది నొచ్చుకుంటారు. 1914 జనవరిలో ఆయన రోజుకూలిని రెండు డాలర్ల ముప్పై నాలుగు సెంట్ల నుంచి ఒక్కసారిగా ఐదు డాలర్లకు పెంచాడు, పని తొమ్మిది గంటల నుంచి ఎనిమిదికి తగ్గించాడు. దానకర్ణుడని నేటికీ పాఠాలు చెబుతారు. అంతకుముందు ఏడాది 14 వేల మంది ఉండాల్సిన చోట మనుషులు నిలవక 50 వేల పైచిలుకు మందిని చేర్చుకోవాల్సి వచ్చిందన్న సంగతి ఆ పాఠంలో చివరి పేరాలో ఉంటుంది, ఉంటే. కదిలే లైను పక్కన నిలబడి ఒకే మరను రోజంతా బిగించడం మనిషికి పడలేదు. అందుకే ఐదు డాలర్లు. అందులోనూ సగం బోనసు. అది దక్కాలంటే కంపెనీ మనిషి ఇంటికొచ్చి తాగుతున్నాడా, ఇల్లు శుభ్రంగా ఉందా, డబ్బు పొదుపు చేస్తున్నాడా అని చూసి సంతృప్తి చెందాలి. అయినా ఒక్క మాట ఒప్పుకుందాం. పోటీని ఎదుర్కోవడానికి జీతం పెంచిన యజమాని అతనే. ఇవాళ ఏ యజమానైనా అలా చేస్తే మర్నాడు షేరు ధర పడిపోతుంది.

ఆ ఫోర్డ్ కంపెనీయే 1990లలో చెన్నై పక్కన మరైమలై నగర్ వచ్చింది. చవక కూలి, రేవు పక్కనే, తర్వాత గుజరాత్‌లో సాణంద్ కూడా. చవక కూలే విజయ రహస్యమైతే ఫోర్డ్ ఈపాటికి ఇక్కడ బంగారం తవ్వుకుంటూ ఉండాలి. 2021 సెప్టెంబర్ 9న తయారీ మూసేస్తున్నామని ప్రకటించింది. పదేళ్లలో నష్టం 200 కోట్ల డాలర్ల పైనే, వీధిన పడేది సుమారు నాలుగు వేల మంది. జనం కోరే కారు చేయలేకపోయిన వాళ్ల జీతాలేమీ చెన్నై జీతాలు కావు. అది వేరే లెక్క, వేరే పుస్తకం.

అదే 2021 జనవరిలో ఫోర్డ్ బ్రెజిల్‌లోనూ తలుపులు మూసింది. కమసారిలో ఖాళీ అయిన ఆ స్థలంలోకి చైనా వాళ్ల బీవైడీ దిగింది. చైనా గెలుపు చవక కూలిదే అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. చైనా కార్మికుడి కూలి మెక్సికో కూలిని దాటి చాలాకాలమైంది. గెలిచింది బ్యాటరీ, సొంతంగా చేసుకునే విడిభాగాలు, సర్కారు సొమ్ము, అంతులేని ఉత్పత్తి. 2023లో 49 లక్షల వాహనాలు ఎగుమతి చేసి జపానును వెనక్కి నెట్టింది. అంత గెలిచినవాడు కూడా చవకబారు బుద్ధి మానుకున్నాడా అంటే, 2024 డిసెంబర్‌లో కమసారి ఫ్యాక్టరీ కడుతున్న చోటికి బ్రెజిల్ కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్లు వెళ్లి చూశారు. చైనా నుంచి తెచ్చిన 163 మంది కూలీలు బానిసల్లాంటి బతుకులో ఉన్నారని తేల్చారు. పరుపుల్లేని మంచాలు, ఒకచోట 31 మందికి ఒకే బాత్రూం, పాస్‌పోర్టులు వాళ్లను తెచ్చిన కాంట్రాక్టరు చేతిలో. కాంట్రాక్టరుదే తప్పని కంపెనీ అతన్ని తీసేసింది. ఎక్కడైనా తప్పు కాంట్రాక్టరుదే. ఏ దేశపు కారైనా ఈ ఒక్క విడిభాగం మాత్రం అంతటా ఒకే నమూనా.

మన తెలుగునాట ఈ పాటకు ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. విశాఖకు ఫోక్స్‌వ్యాగన్ వస్తోందని 2005లో మురిసిపోయి ప్రభుత్వం వశిష్ట వాహన్ అనే కంపెనీకి 11 కోట్లకు పైగా కట్టేసింది. అది ఫోక్స్‌వ్యాగన్ కాదని తర్వాత తెలిసింది. సీబీఐ వచ్చింది. కారు ఫ్యాక్టరీ మాత్రం పుణె దగ్గర చాకణ్‌కు పోయింది. వేలంపాటలో పాడటం విన్నాం గాని, ఎవరు వేలం వేస్తున్నారో చూడకుండానే ధరావతు కట్టినవాళ్లం మనమే.

ఆ దెబ్బకు కాస్త తెలివొచ్చి, 2017లో కియాతో ఒప్పందం చేసుకుంటే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఏటా మూడు లక్షల కార్ల ఫ్యాక్టరీ నిజంగానే లేచింది. కరవు సీమలో అది చిన్న సంగతి కాదు, కాదంటే కళ్లు పోతాయి. కాని 2020 ఫిబ్రవరిలో కియా తమిళనాడు వైపు చూస్తోందట అని ఒక విదేశీ వార్తాసంస్థ రాయగానే రాష్ట్రమంతా గుండె పట్టుకుంది. కంపెనీ కాదంది, గుండె దిగింది. అల్లుడు అలిగాడేమోనని ఇల్లంతా తలుపు చాటు నుంచి తొంగిచూడటమే ఇప్పుడు పారిశ్రామిక విధానం. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజుకు తొమ్మిది గంటల పని పరిమితిని పదికి పెంచింది. పెట్టుబడులు రావాలట. ఫోర్డ్ 1914లో గంట తగ్గించి మనుషుల్ని నిలుపుకున్నాడు, మనం 2025లో గంట కలిపి మనుషుల్ని అమ్ముతున్నాం.

ఆ గంటలో ఏముంటుందో తెలియాలంటే మారుతి ఫ్యాక్టరీ ఉన్న మానేసర్ వెళ్లాలి. నిమిషం లోపే లైను మీద నుంచి ఒక కారు దిగే చోట టీ విరామం ఏడు నిమిషాలని అక్కడి కార్మికులు చెప్పేవాళ్లు. చేతులు కడుక్కుని, వరసలో నిలబడి, సమోసా ఒక చేత, కప్పు ఒక చేత పట్టుకుని, టీ తాగాలా ఒంటికి పోవాలా అని తేల్చుకునేలోపు గంట మోగుతుంది. కొందరు కప్పు పట్టుకునే మూత్రశాలకు పోయేవాళ్లట. పక్కపక్కనే అదే పని చేసే కాంట్రాక్టు కుర్రాడికి పర్మనెంటు వాడిలో సగం కూడా రాదు. 2012 జులైలో ఆ కడుపుమంట పేలింది. ఒక మేనేజరు మంటల్లో ప్రాణం పోగొట్టుకున్నాడు, అది ఏ లెక్కలోనూ సమర్థించలేనిది. 2017లో 13 మందికి యావజ్జీవం పడింది. 117 మందిని అదే కోర్టు నిర్దోషులని విడిచిపెట్టింది, వాళ్లలో చాలామంది ఏళ్లకేళ్లు జైల్లో గడిపాక. ఆ ఏళ్లను ఏ బ్యాలెన్స్ షీటులో రాశారో ఎవరైనా చూపిస్తే బావుండు.

ఇక డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ మనవాళ్లతో కళకళలాడే ఊళ్లు. 2023 సెప్టెంబర్‌లో ఆటో కార్మికుల సంఘం మూడు కంపెనీల మీదా ఒకేసారి సమ్మె కట్టి, నాలుగున్నరేళ్లలో పాతిక శాతం పెంపు సాధించినప్పుడు అక్కడి మన డ్రాయింగ్ రూముల్లో ఈ మాట తప్పక నడిచి ఉంటుంది: "బోల్టు బిగించేవాడికి గంటకు 40 డాలర్లేంటి బావా, మనమింత చదివి..." చదివిన చదువు ఎంత కాస్తుందో 2024 మార్చిలో తేలింది. స్టెల్లాంటిస్ ఒక శుక్రవారం ఉద్యోగులందరినీ ఇంటి నుంచే పని చేయమంది. ఇంజనీరింగ్, సాఫ్ట్‌వేర్ విభాగాల్లో సుమారు 400 మందికి ఆ రోజు ఫోన్ కాల్‌లోనే సెలవు చెప్పింది. వాళ్ల పని హైదరాబాద్‌కే వచ్చిందని నేననడం లేదు. ఆ గొడుగు కింద చేరిన ఫియట్ క్రిస్లర్ 2020 డిసెంబర్‌లోనే హైదరాబాద్‌లో 15 కోట్ల డాలర్లతో డిజిటల్ కేంద్రం పెడుతున్నామని ప్రకటించిన మాట మాత్రం నిజం. బావ కుర్చీ అక్కడ, మరిది కుర్చీ హైటెక్ సిటీలో. మరిది చవక కాబట్టి బావకు భయం. రేపు వియత్నాంలోనో మొరాకోలోనో ఇంకో మరిది దొరికితే మన మరిదికి భయం. బోల్టు బిగించేవాడికి కనీసం సంఘం ఉంది.

మెక్సికోలో సిలావ్ అనే ఊరుంది. జనరల్ మోటార్స్ పికప్ ట్రక్కులు అక్కడ తయారవుతాయి. 2019లో అమెరికా కార్మికులు సమ్మె చేస్తుంటే, ఆ లోటు పూడ్చడానికి ఓవర్‌టైం చేయమని సిలావ్ కార్మికుల మీద ఒత్తిడి వచ్చింది. కొందరు మేం చేయం అన్నారు. తమ కూలి గంటకు మహా అయితే రెండు మూడు డాలర్లైనా, అవతలివాడి సమ్మెను విరగ్గొట్టబోమన్నారు. ఉద్యోగాలు పోయాయి. పాట నియమాల ప్రకారం వాళ్లు శత్రువులు కావాలి, ఒకడి కూడు ఒకడు లాక్కోవాలి. నియమాల పుస్తకం వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు కాబోలు. రెండేళ్లకు అదే ఫ్యాక్టరీలో యాజమాన్యానికి నచ్చిన పాత సంఘాన్ని ఓటేసి దించేశారు. 2022లో కొత్త సంఘాన్ని ఎన్నుకున్నారు, మే నెలలో 8.5 శాతం పెంపు రాయించుకున్నారు.

ఫ్యాక్టరీ అలిగి ఎక్కడికీ పోలేదు. ఆ మర్నాడు ఉదయం షిఫ్టుకు ట్రక్కులు ఎప్పటిలాగే లైను దిగాయి. మేరీ బారా గారి కుర్చీ కూడా ఏమీ కదల్లేదు.