లెవెల్ టూ బాబాయి

మా బాబాయి కారు కొన్నాడంటే సగమే చెప్పినట్టు. డ్రైవర్‌ని మానిపించి కారు కొన్నాడు. పద్దెనిమిదేళ్లు నమ్మకంగా పనిచేసినవాడి చేతిలో రెండు నెలల జీతం పెట్టి, "ఇహ కారే తోలుకుంటుందోయ్, నీకెందుకు శ్రమ" అని పంపించేశాడు. డ్రైవర్ల పొట్టకొట్టే కార్లను దేశంలోకి రానివ్వనని కేంద్ర రవాణా మంత్రిగా గడ్కరీ గారు ఎన్నోసార్లు అన్నారు. ఆ కార్లు రాకముందే మా బాబాయి ఆ పని పూర్తిచేశాడు.

ఆ మర్నాటినుంచి కారు ఆయన్ని డ్రైవరేడీ, డ్రైవరేడీ అని అడుగుతూనే ఉంది.

ఈ తెలివైన కార్లకు అమెరికాలో ఎస్‌ఏఈ అనే ఇంజినీర్ల సంఘం సున్నా నుంచి 5 దాకా మెట్లు కట్టింది. బాబాయి కారుది రెండో మెట్టు. అంటే స్టీరింగూ వేగమూ కారు చూసుకుంటుంది, కారుని మనం చూసుకోవాలి. షోరూం కుర్రాడు ఈ రెండో ముక్క చెప్పే వేళకి బాబాయి ఫోన్లో చుట్టాలకు శుభవార్త వినిపిస్తున్నాడు.

మొదటి గండం ఆంజనేయస్వామి గుడి దగ్గరే వచ్చింది. కారు కళ్లు రెండు చోట్ల ఉంటాయి. ముందు అద్దం పైభాగాన కెమెరా, కంపెనీ గుర్తు వెనకాల రాడార్. పూజారిగారు సరిగ్గా కెమెరా మీద గంధం బొట్టు పెట్టి, రాడార్‌కి రెండు మూరల బంతిపూల దండ వేశారు. బండి కదలగానే ముందు ఏమీ కనబడడం లేదని తెరమీద ఎర్రక్షరాలు. "దిష్టిరా!" అని బాబాయి గుమ్మడికాయ కొట్టించాడు. ఆ కుంకుమనీళ్లూ అద్దం మీదికే చిందాయి. చివరికి పిన్ని దండ తీసి, కొంగుతో అద్దం తుడిచింది. దిష్టి పోయింది.

ఇంటికి ఎవరొచ్చినా కాఫీ తర్వాత హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డే. 158 కిలోమీటర్ల రోడ్డు, చెరగని గీతలు. కారుకి కావలసిందీ ఆ గీతలే. వందకి చేరాక బాబాయి రెండు చేతులూ గోవిందా అన్నట్టు పైకెత్తుతాడు. కాసేపటికి కారు టింగుమంటుంది.

"స్టీరింగ్ పట్టుకోమంటోంది బాబాయ్."

"పలకరిస్తోందిరా అంతే" అని లేగదూడ మెడ నిమిరినట్టు స్టీరింగ్‌ని ఓసారి నిమిరి, మళ్లీ గోవిందా. ఈ పలకరింపు పడలేక అమెరికాలో కొందరు స్టీరింగ్‌కి బరువు తగిలించారు. అలాంటి బరువులు అమ్మే కంపెనీని అమ్మకం ఆపమని 2018లో అక్కడి ప్రభుత్వం నోటీసిచ్చింది. ఈ సంగతి బాబాయికి చెప్పలేదు. ఇంట్లో కొబ్బరికాయలున్నాయి.

ఊళ్లో కథ వేరు. ముందున్న బండికి కారు మర్యాదగా కొంత దూరం వదులుతుంది. మెహదీపట్నంలో ఆ దూరాన్ని మర్యాద అనరు, ఖాళీ అంటారు. ఓ ఆటో దూరుతుంది. కారు తగ్గి మళ్లీ దూరం ఇస్తుంది. రెండు బైకులు దూరుతాయి. అలా అందరికీ దారిస్తూ మేం ఓ పెళ్లికి భోజనాల వేళకి చేరాం.

ఇహ భద్రత. 2015లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు ఇంట్లో కూచునే, హైవే మీద పోతున్న జీపుని నెట్ ద్వారా లొంగదీశారని, దాంతో కంపెనీ 14 లక్షల బండ్లను వెనక్కి పిలిచిందని ఎవరో చెప్పారు. అప్పట్నుంచి అపార్ట్‌మెంట్‌లో ల్యాప్‌టాప్ పట్టుకున్న ప్రతి కుర్రాడూ బాబాయికి అనుమానితుడే. తాళంచెవి సిగ్నల్ని దొంగలు దూరంనుంచే అందిపుచ్చుకుంటారని తెలిశాక దాన్ని పిన్ని పోపులడబ్బాలో దాచాడు. ఇప్పుడు కారంతా ఇంగువ వాసన. 35 అన్న బోర్డుకి చిన్న నల్లటేపు ముక్క అంటిస్తే కారు 85 అని చదివి వేగం పెంచిన ప్రయోగం 2020లో బయటికొచ్చింది. బాబాయి బోర్డు బోర్డుకీ టేపు వెతుకుతున్నాడు. మన బోర్డుల మీద టేపుకి చోటేదీ, టులెట్ కాగితాలున్నాయి.

మొన్న రాత్రి శంషాబాద్ నుంచి నన్ను తీసుకొస్తున్నాడు. చేతులు గోవిందా. ముందు చెడిపోయి ఆగిన లారీ, వెనక దీపాల్లేవు. వేగంగా పోయేటప్పుడు ఇలాంటి చాలా కార్లకు కదిలేవి ఆనినంత బాగా కదలనివి ఆనవు. కారు కుయ్యిమనేలోగా బాబాయి బ్రేకు మీద నిలబడ్డాడు. లారీకి బారెడు దూరంలో ఆగాం.

"చూశావురా ఎలా ఆపిందో! మనిషి వల్ల అయ్యే పనేనా?"

వెనకసీట్లోంచి పిన్ని అంది, "ఏవండీ, ముందా కాలికింద చెప్పు తీయండి."

కుడికాలి చెప్పు పట్టీ మొదలంటా తెగింది. దాన్ని పైకెత్తి డోములైటు వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొని నెల కాలేదురా. ఈ రోజుల్లో దేన్నీ నమ్మడానికి లేదు."