ఇందులో మనిషి చెయ్యి లేదన్నాను

1998లో నేను షికాగోలో చదువుకునేవాణ్ణి. ఊరు వదిలి వెళ్తూ నా రూమ్మేట్ తనకెంతో ఇష్టమైన రికార్డు ఒకటి నాకిచ్చాడు. అట్ట మీద పెన్నుతో నా పేరు కూడా రాశాడు. దాన్ని నా చేతులతో నేనే పారేశాను.

మిస్టర్ ఫింగర్స్ పేరుతో లారీ హెర్డ్ చేసిన 'కెన్ యూ ఫీల్ ఇట్' ఉన్న రికార్డు అది. 1986లో ట్రాక్స్ రికార్డ్స్ విడుదల చేసింది. డీప్ హౌస్ సంగీతం గురించి మాట్లాడేవాళ్లు మొదట తలుచుకునేవాటిలో ఆ పాట ఒకటి. రూమ్మేట్ ఆ ఊరి సౌత్ సైడ్‌లో పుట్టి పెరిగినవాడు. శనివారం గిన్నెలు కడుగుతూ అదే పెట్టుకునేవాడు. 'హౌస్' అన్న పేరు వేర్‌హౌస్ అనే క్లబ్బు నుంచి వచ్చిందనీ, అక్కడ ఫ్రాంకీ నకిల్స్ రికార్డులు వేస్తుంటే నల్లజాతి, లాటినో కుర్రాళ్లు, బయట తమ ప్రేమను దాచుకోవాల్సిన గే కుర్రాళ్లు తెల్లారేదాకా ఆడేవాళ్లనీ అతనే చెప్పాడు.

నేనేమో ఎనిమిదేళ్లు మృదంగం నేర్చుకున్నవాణ్ణి. ఆ గర్వం చెవులకు అడ్డం పడింది. "ఇందులో మనిషి చెయ్యి లేదు, అంతా మెషీన్ దరువు" అన్నాను. అతను మారుమాట్లాడకుండా రికార్డు తిప్పి రెండోవైపు పెట్టాడు. ఆ చిటపటలేమిటని కూడా విసుక్కున్నాను. ట్రాక్స్ యజమాని లారీ షెర్మన్‌కు సొంతంగా రికార్డులు అచ్చొత్తే కర్మాగారం ఉండేది. పాత రికార్డులు కరిగించి కొత్తవి తీసేవారు, అందుకే ఆ చిటపటలు. మార్షల్ జెఫర్సన్ 'మూవ్ యువర్ బాడీ', ఫ్యూచర్ బృందం 'ఆసిడ్ ట్రాక్స్' లోకానికి అందింది ఆ లేబుల్ మీదే. ఆ చిటపట కూడా ఆ ఊరి చరిత్రేనని అప్పుడు నాకు తట్టలేదు.

గది ఖాళీ చేసేటప్పుడు బరువెక్కువైందని ఆ రికార్డున్న అట్టపెట్టెను చెత్తకుండీ పక్కన పెట్టేసి వచ్చాను.

పదేళ్ల తర్వాత హైదరాబాద్‌లో ఒక రాత్రి హెడ్‌ఫోన్లలో ఆ పాట మళ్లీ విన్నాను. జూనో-60 సింథసైజర్ మీద పలికిన ఆ బేస్ వింటుంటే, మృదంగం ఎడమవైపు తొప్పికి రవ్వముద్ద పెట్టి ఎడమ అరచేత్తో తీసే నాదం గుర్తొచ్చింది. దెబ్బ పడ్డాక కాస్త సాగి, వంగి, తర్వాతి దెబ్బను పిలుస్తోంది. పైన తీగల్లాంటి స్వరాలు తొందరలేకుండా పరుచుకుంటున్నాయి. లేచి కూర్చున్నాను. లారీ హెర్డ్ గురించి వెతికి చదివాను. ఆయన అసలు డ్రమ్మరు. డ్రమ్ములు వాయించేవాడి స్వరాలను బ్యాండులో వాళ్లు పట్టించుకోకపోతే, సింథసైజర్, డ్రమ్ మెషీన్ కొనుక్కుని ఒక్కడే కూర్చుని చేసుకున్నాడు. నేను చెయ్యి లేదన్నది ఒక లయకారుడి పనిలో. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

రాయల్టీలు ఇవ్వలేదంటూ 2020లో హెర్డ్, గాయకుడు రాబర్ట్ ఓవెన్స్ ట్రాక్స్ మీద కోర్టుకెళ్లారు. 2022లో రాజీ కుదిరి వాళ్ల పాటల హక్కులు వాళ్లకు తిరిగొచ్చాయి. ఆ వార్త చెప్పడానికే రూమ్మేట్ ఫోన్ చేశాడు. ఇద్దరం చాలాసేపు సంతోషంగా మాట్లాడుకున్నాం. చివర్లో, "నేనిచ్చిన రికార్డు ఇంకా ఉందా?" అని అడిగాడు.

ఉందన్నాను.

ఈ ఆదివారం అతనికి ఫోన్ చేసి నిజం చెబుతాను.