మొదటి ఏడాది పాట పాడకండి

సంగీత కళాశాలలో కొత్తగా చేరిన పిల్లలకు అందరూ ఒకే రకం సలహాలు చెబుతారు. కీర్తనలు వీలైనన్ని నేర్చుకో. పిలిచిన చోటల్లా పాడు. పోటీలు వదలకు. ప్రతిదీ రాసిపెట్టుకో. నేను చెప్పేవి వీటికి పూర్తిగా ఎదురు వెళతాయి. నా మాట వింటే మొదటి ఏడాది మార్కులు తగ్గవచ్చు, పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు చుట్టాల ముందు పాడటానికి పాట ఉండదు, తోటివాళ్లు మీకంటే ముందున్నట్టు కనిపిస్తారు. అయినా వినమనే అంటాను. గొంతుకు కావలసిన సమయం ముందు చాలా ఉంది. చెవికి మాత్రం ఈ ఒక్క ఏడాదీ మొత్తంగా ఇచ్చేయాలి.

1. వచ్చిన కీర్తనలన్నీ పక్కన పెట్టండి

చాలామంది పది, పదిహేను కీర్తనలతో కాలేజీకి వస్తారు. వాటిని ఏడాదిపాటు ముట్టుకోవద్దు. మాయామాళవగౌళ ఒక్కటే పాడండి: సరళీ వరుసలు, జంట వరుసలు, దాటు వరుసలు, అలంకారాలు. చిన్నప్పుడే అయిపోయాయి కదా అంటారు. అప్పుడు పాడింది నోరు. ఇప్పుడు చెవితో పాడాలి.

పురందరదాసు ఈ పాఠాలకు ఈ రాగాన్నే ఎంచుకున్నాడని సంప్రదాయం చెబుతుంది. ఆ ఎంపికలో గొప్ప లెక్క ఉంది. హార్మోనియం మెట్ల మీద చూడండి. స నుంచి రి ఒక మెట్టు, రి నుంచి గ మూడు మెట్లు, గ నుంచి మ మళ్లీ ఒక మెట్టు. పైన ప, ద, ని, స మధ్య కూడా అవే దూరాలు. కింది సగం సరిగ్గా పాడగలిగితే పై సగానికి అదే కొలబద్ద. రిషభం ఒకరోజు కాస్త పైకి పోతే, ధైవతం పాడేటప్పుడు ఆ తప్పు మీకే పట్టుబడుతుంది. ఇంతగా దిద్దే గురువు పక్కనే ఉంటే కొత్త కీర్తన కోసం తొందరెందుకు?

2. కీబోర్డు మూసేయండి, తంబురా మీరే శ్రుతి చేసుకోండి

ఫోనులో శ్రుతి యాప్ ఒక్క క్షణంలో మోగుతుంది. అందుకే దాన్ని వద్దంటున్నాను. కాలేజీలో మూల పడి ఉన్న తంబురా అడిగి తీసుకోండి. నాలుగు తీగలు: పంచమం, రెండు సారణి షడ్జాలు, మంద్ర షడ్జం. బిరడాలు తిప్పడం, పూసలు జరపడం, బ్రిడ్జి మీద తీగ కింద నూలుపోగును వెంట్రుకవాసి కదిపి నాదం పలికించడం మీరే చేయాలి. మొదట్లో ఒక గంట సాధన సమయం మొత్తం దీనికే పోతుంది. పోనివ్వండి. ఆ గంటే సాధన.

శ్రుతి కుదిరిన తంబురాలో మంద్ర షడ్జం మీటి నిదానంగా వినండి. ఎవరూ మీటని గాంధారం ఒకటి అందులోంచి పైకి లేస్తుంది. దాన్నే స్వయంభూ గాంధారం అంటారు. మాయామాళవగౌళలో ఉన్నది ఆ అంతర గాంధారమే. తీగ తనంతట తాను ఇచ్చే ఈ గాంధారం కీబోర్డు మీది గాంధారం కంటే కాస్త కిందికి ఉంటుంది. కీబోర్డు పెట్టుకుని సాధన చేసినవాళ్లకు ఆ తేడా వినిపించదు. తంబురా దగ్గర కూర్చున్నవాళ్లకు కొన్నాళ్లకు వినిపిస్తుంది, ఆ తర్వాత ఎవరు అపశ్రుతి పలికినా ఊరుకోలేరు.

మీ శ్రుతిని కూడా గొప్ప కోసం పెంచుకోవద్దు. ఒకటిలో హాయిగా పాడగలిగే అబ్బాయి రెండుకు, ఐదులో పాడగలిగే అమ్మాయి ఆరుకు పోటీపడి ఎక్కనక్కర్లేదు. మంద్ర పంచమం గట్టిగా, నిండుగా పలికే శ్రుతి ఏదో అదే మీది.

3. నోటుపుస్తకం ఇంట్లో పెట్టి రండి

క్లాసులో తల వంచుకుని స్వరాలు రాసుకునే విద్యార్థి ఆ సమయంలో గురువు గొంతు వినడం లేదు. కాగితం మీద రి అనే అక్షరం ఒక్కటే ఉంటుంది. ఆ రి ఎక్కడి నుంచి ఎక్కడికి ఊగిందో అక్షరానికి తెలియదు. సుబ్బరామ దీక్షితులు ఈ సంగతి బాగా తెలిసినవారు. 1904లో ఎట్టయాపురంలో అచ్చయిన ఆయన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలోనే ఉంది. స్వరాలతో పాటు గమకాలకు ప్రత్యేకమైన గుర్తులు పెట్టారు. అది మహాగ్రంథం. కానీ గమకం చెవిలో ఉన్నవాడికే ఆ గుర్తులు పలుకుతాయి. గ్రంథం తరవాత తెరవవచ్చు. ముందు చెవి తెరవండి.

గురువుగారు పాడింది పొద్దున విని, సాయంత్రం పుస్తకం లేకుండా పాడండి. మరిచిపోతే మర్నాడు వెళ్లి అడగండి. విసుక్కున్నా అడగండి. ఆయన మళ్లీ పాడినప్పుడు మొదటిసారి జారిపోయిన గమకం దొరుకుతుంది.

4. మొదటి కాలానికి కూడా ఒక కాలం కిందికి దిగండి

మూడు కాలాలు పాడటం చేతనైతే సాధన అయిపోయిందనుకుంటారు. నేను ఇంకా నెమ్మదించమంటాను. ఆదితాళం ఎనిమిది క్రియల్లో మొదటి కాలంలో క్రియకు ఒక స్వరం పాడతాం. మీరు రెండు క్రియలకు ఒక స్వరం పాడండి. వేగంలో దాగిన లోపాలన్నీ అప్పుడు బయటపడతాయి: ఊపిరి ఎక్కడ తెగుతోంది, స్వరం చివర ఎక్కడ జారుతోంది, చెయ్యి తాళంలో ఎక్కడ తొందరపడుతోంది. మూడో కాలం వద్దే వద్దు. నెమ్మదిలో నిలిచిన స్వరం వేగంలో తానే నిలుస్తుంది.

5. మీ క్లాసు అయిపోగానే పక్క క్లాసులోకి వెళ్లండి

ఇంటి దగ్గర ఒక గురువు వద్ద నేర్చుకునేవాళ్లకు లేనిది కాలేజీ విద్యార్థికి ఉన్నది ఇదే. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల మొదలైనప్పుడు హరికథకు పితామహుడైన ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రిన్సిపాల్. వయొలిన్ మీద గాత్ర ధర్మాన్ని పలికించిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు అక్కడే పాఠం చెప్పారు. గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం ఒకే ఆవరణలో ఉంటే ఒకదాని గాలి ఇంకొకదానికి సోకుతుంది.

గాత్రం పిల్లలు మృదంగం క్లాసులో వెనక కూర్చుని సొల్లుకట్లు నోటితో చెప్పడం నేర్చుకోండి. వయొలిన్ పిల్లలు గాత్రం క్లాసులో పాడండి, గొంతు బాగోలేకపోయినా పాడండి. పాడలేని సంగతిని కమాను పలికించలేదు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో గడిచే గంట దీనికి చాలు.

6. పట్టిక బట్టీ పట్టకండి

72 మేళకర్తల పట్టిక కంఠతా పట్టి పరీక్షలో రాసేవారు చాలామంది. ఆ పట్టిక జోలికి పోవద్దు, గొంతుతో వెతకండి. మాయామాళవగౌళలో ధైవతం ఒక్కటి పైకి జరపండి, 17వ మేళం సూర్యకాంతం వస్తుంది. ధైవతాన్ని వదిలి రిషభాన్ని జరపండి, 27వది సరసాంగి. రెండూ జరిపితే 29వది శంకరాభరణం. మొదటి రాగంలోనే ఉండి మధ్యమాన్ని ప్రతిమధ్యమం చేస్తే 51వది కామవర్ధని. ఒక్కో స్వరం మారినప్పుడు మనసు ఎలా మారుతోందో చూసుకోండి. వేంకటమఖి మేళకర్తల లెక్క మెదడుకు పని పెట్టడానికి మాత్రమే కాదు, గొంతుతో తిరగడానికి కూడా.

పరీక్షలో ఐదు రాగాల గురించే రాయగలిగితే ఐదే రాయండి. సిలబస్‌లోని గీతాలు, వర్ణాలు పాసు కావడానికి ఎన్ని కావాలో అన్నే నేర్చుకోండి. ఫస్టు క్లాసు పోతుంది. నిజమే. ఏ సభలోనూ మీ మార్కుల కాగితం అడగరు.

7. వేదిక ఎక్కకండి, ఒక్క రికార్డే వినండి

పోటీలు, పెళ్లిళ్లు, వినాయక చవితి పందిళ్లు, ఫోనులో పెట్టే చిన్న వీడియోలు, ఏవీ వద్దు. చప్పట్లు విన్న చెవి తన తప్పు వినడం మానేస్తుంది. ఇంట్లో అడిగితే ‘ఈ ఏడాది మా గురువుగారు వద్దన్నారు’ అని మర్యాదగా చెప్పండి. గురువుగారు వద్దనకపోతే ముందు వెళ్లి ఆయన చేత వద్దనిపించుకోండి.

వినడంలోనూ ఆశపడవద్దు. ఓలేటి వెంకటేశ్వర్లుగారిదో, నేదునూరి కృష్ణమూర్తిగారిదో ఒక ఆలాపన ఎంచుకుని నెలంతా అదే వినండి. మొదటివారం రాగం వినిపిస్తుంది. రెండోవారం ఊపిరి తీసుకున్న చోట్లు వినిపిస్తాయి. ఆ తర్వాత, ఆయన పాడగలిగి కూడా పాడకుండా వదిలేసిన సంగతులు తెలియడం మొదలవుతుంది. నెలకు ముప్పై రాగాలు విన్నవాళ్లకు ఇది చిక్కదు.

ఇలా ఏడాది గడిపి, రెండో ఏడాది మొదటి రోజున గురువుగారి దగ్గరికి వెళ్లి ఒక్క కీర్తన అడగండి. త్యాగరాజస్వామి ‘తులసీదళములచే’ అడగండి. అది కూడా మాయామాళవగౌళే. ఏడాదిగా రోజూ పాడిన ఏడు స్వరాలతో ఆయన ఏం కట్టారో అప్పుడు మీకు మీరుగా వినిపిస్తుంది, ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ కీర్తన నేర్చుకోవడానికి పదిహేను కీర్తనల నష్టం తక్కువే అని నా గట్టి నమ్మకం.