ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ పాలకులకు బహిరంగ లేఖ

మ. రా. రా. శ్రీ అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమందలి ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీకి 1959వ సంవత్సరమున పాలకవర్గ సభ్యులుగా నుండిన వారి దివ్యసముఖమునకు:

అయ్యలారా!

తమరిప్పుడు ఏ లోకమున పన్నులు విధించుచున్నారో యెఱుగను గాని, ఫార్మ్‌విల్ పట్టణమున తాము విడిచిపోయిన యొక యిటుకకట్టడమును గూర్చి కొంత విన్నవింపవలసియున్నది.

పొగాకు పండు ఆ సీమలో నల్లజాతి విద్యార్థులకై 1939లో నిర్మింపబడి, ఆ కౌంటీలోనే పెరిగి టస్కెగీ విద్యాలయమునకు రెండవ అధ్యక్షుడైన రాబర్ట్ రస్సా మోటన్ పేరు దాల్చిన ఆ ఉన్నత పాఠశాల 180 మందికి సరిపోవునట్టిది. 1951 నాటికి అందు 450 మందికి పైగా చదువుచుండిరి. వ్యాయామశాల లేదు, భోజనశాల లేదు. గదులు చాలవని మొఱపెట్టుకొన్నవారికి స్కూలుబోర్డువారు తారుకాగితము కప్పిన కొయ్యపాకలు వేయించి యిచ్చిరి. ఊరివారు వానిని కోళ్లగూళ్లనిరి. పొయ్యిచెంత కూర్చున్నవాడు ఉడికిపోవుచు, దూరమున నున్నవాడు కోటు విప్పక వణకుచు, వాన కురిసినచో ఇరువురును గొడుగులు పట్టుకొని పాఠము వినుచు విద్యావంతులగుచుండిరి. ఇంతటి మితవ్యయము మా జిల్లాబోర్డులకు సైతము అలవడలేదని ఒప్పుకొనక తప్పదు.

అయినను ఆ పొదుపులో ఒక్క లోపము దొరలినది. తమ పూర్వులు సభాశాలను కట్టించిరి! 1951 ఏప్రిల్ 23న బార్బరా జాన్స్ అను పదునాఱేండ్ల బాలిక, ప్రధానోపాధ్యాయుని టెలిఫోను నెపమున ఊరిలోనికి తరలింపజేసి, ఆయన పేరిట తరగతులకు చీటీలు పంపి, బడినంతయు ఆ శాలలోనే కూర్చి, ఉపాధ్యాయులను వెలుపలికి పంపివేసి, సమ్మె ప్రకటించినది. పిల్లలు కోరినది మంచి బడి. వారి పక్షము వహింపవచ్చిన ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ అను న్యాయవాదులు మాత్రము, జాతిభేదమును పాటించు బడి యెంత చక్కనిదైనను దానికై తాము వాదింపమనిరి. ఆ భేదమునే తొలగింపగోరి వారు వేసిన వ్యాజ్యము నడుచుచుండగనే, అంతవఱకు కంటికగపడని నిధులెచ్చటనుండియో పుట్టి, 1953లో క్రొత్త భవనము లేచినది. కాని కార్యము మించిపోయెను. 1954లో, బడులలో జాతిభేదము చెల్లదను బ్రౌన్ తీర్పు క్రింద సుప్రీంకోర్టువారు తేల్చిన ఐదు వ్యాజ్యములలో మీ కౌంటీది యొకటి.

అప్పుడు గదా తమ ప్రతిభ ప్రకాశించినది! తెల్లపిల్లలును నల్లపిల్లలును ఒకే బల్లపై కూర్చుండవలసివచ్చునను భయమున, 1959లో బడులకు పైకము మంజూరు చేయమని భీష్మించి, కౌంటీలోని ప్రభుత్వపాఠశాలలన్నిటిని మూయించితిరి. ఎలుకపై కోపమున ఇంటికి నిప్పుపెట్టుకొన్నవాని కథ మా దేశమున కలదు. పాపము, వాడు తన యిల్లే తగులబెట్టుకొనెను. తమ వర్గమువారన్ననో, తెల్లపిల్లలకు ముందుగా ఒక ప్రైవేటు విద్యాలయము నెలకొల్పుకొని, పిదప పొరుగువాని కొంపను గాల్చిరి. నల్లపిల్లలలో కొందఱు చదువుకై పరాయి ఊళ్లలోని బంధువుల పంచ జేరిరి. అనేకులకు ఆ యేండ్ల చదువు మరి దక్కలేదు. 1964లో సుప్రీంకోర్టువారు పన్ను విధించియైనను బడులు తెఱువుడని శాసింపదగునని తేల్చువఱకు తాము చలింపలేదు.

ఆ పాతబడి 1998లో జాతీయ చారిత్రక చిహ్నమైనది. 2001 నుండి అది మ్యూజియము. నాకు మిగిలినది ఒక్క లెక్క. 1959 మొదలు 1964 వఱకు బడిపన్ను క్రింద మిగిల్చిన ధనమును తమరు ఏ పద్దున జమకట్టిరో, ఆ చిట్టా ప్రతిని దయచేసి పంపింపగోరుచున్నాను.

ఇట్లు,
జవాబునకై కనిపెట్టుకొనియున్న
విధేయుడు