బాత్రూం గడియ

డాలస్ నుంచి ఫోన్ చేసిన అబ్బాయికి ఆవిడ మొట్టమొదట చెప్పిన మాట, "నేను నర్సుని కాదండీ" అని.

పెద్దవాళ్లకు తోడుండడం ఆవిడ పని. మా పటమటలో ఆ పనికి కొదవ లేదు. హైస్కూలు రోడ్డులో ఏ అపార్ట్‌మెంట్ మెట్లెక్కినా పిల్లలు అమెరికాలో, ఇంట్లో అమ్మో నాన్నో ఒక్కరే. ఆవిడా, ఆవిడ పని నేర్పిన మరో ముగ్గురు ఆడవాళ్లూ అలాంటి ఇళ్లకు వెళుతుంటారు. బోర్డు లేదు, ఆఫీసు లేదు, ఒక ఫోను నంబరుంది.

"షుగరు, బీపీ చూస్తాను. మందులు వేళకిస్తాను, స్నానం చేయిస్తాను. ఇంజెక్షను మాత్రం నా చేత్తో చెయ్యను. తేడాగా కనిపిస్తే డాక్టరుగారికి ఫోన్ చేస్తాను."

అక్కడితో ఆగినా సరిపోయేది. ఇదివరకు మీ చేతిలో ఎవరికైనా ఏమైనా అయిందా అని అబ్బాయి అడిగాడు. అయిందని చెప్పింది.

"మా అత్తగారేనండీ. బాత్రూంలో పడిపోయారు. లోపల గడియ వేసుకున్నారు. తలుపు పగలగొట్టేసరికి ఆలస్యమైపోయింది. నేను పక్క గదిలోనే ఉన్నాను."

ఆవిడ అడిగింది నెలకు 16 వేలు. ఆలోచించి చెబుతానన్నాడు అబ్బాయి. ఆ సాయంత్రమే 30 వేలకు ఒక ఏజెన్సీతో ఖాయం చేసుకున్నాడు. వాళ్లు ట్రెయిన్డ్ నర్సునే పంపుతామన్నారు, తెల్లకోట్లు వేసుకున్న అమ్మాయిల ఫోటోలు వాట్సాప్‌లో పెట్టారు.

ఇరుగుపొరుగు ఆవిడనే కేకలేశారు, నోటి దగ్గర కూడు పోగొట్టుకున్నావని. నేను మాత్రం ఆవిడ పక్షమే. ఏఎన్ఎం రెండేళ్లో, జీఎన్ఎం మూడేళ్లో, అలాంటి మరో కోర్సో చదివి, నర్సింగ్ కౌన్సిల్లో పేరు నమోదైతేనే నర్సు. కోటు ఏ బట్టలకొట్లోనైనా దొరుకుతుంది. బూటకం బయటపెట్టడం మా పేటకు కొత్త కాదు; నిప్పుల మీద నడవడంలో మహిమ ఏమీ లేదని నడిచి చూపించిన గోరా గారి నాస్తిక కేంద్రం 1947 నుంచీ ఈ పటమటలోనే ఉంది. అయినా ఎదుటివాడి మహిమ బయటపెట్టడం వేరు, తన లోటు తానే చెప్పుకోవడం వేరు. రెండోదానికి పోయేది తన బతుకుతెరువు. నాకు ఆవిడంటే గౌరవం అందుకే.

వారం తిరక్కుండానే ఏజెన్సీ మనిషి డాలస్ అబ్బాయి వాళ్లమ్మగారింట్లో దిగింది. వచ్చిన మర్నాడే వడ్రంగిని పిలిపించి బాత్రూం తలుపు లోపలి గడియ ఊడదీయించింది. పెద్దావిడకు చిన్న అక్షరాలు ఆనవు. అందుకని మందుల డబ్బాలో పొద్దుటి గడి మీద సూర్యుణ్ణి, రాత్రి గడి మీద చంద్రుణ్ణి స్కెచ్ పెన్నుతో గీసింది. షుగరు చూసేటప్పుడు వేలి కొసన నడిమధ్య గుచ్చకుండా పక్కగా గుచ్చేది, అక్కడ నొప్పి తక్కువ. రెండు నెలల్లో పెద్దావిడ కర్ర పట్టుకుని రైతుబజారు దాకా నడిచింది.

ఒక శనివారం రాత్రి అబ్బాయి వీడియో కాల్ చేశాడు. గడియ సంగతి విని పొంగిపోయాడు.

"చూశావా అమ్మా, ట్రెయినింగ్ అంటే ఇదీ! ఇన్నేళ్లలో మనకెవరికైనా తట్టిందా? మొదట నేను మాట్లాడినావిడకి నిన్ను అప్పగించి ఉంటే ఏమైపోయేదానివో!"

పెద్దావిడ ఫోను పక్కకి తిప్పింది.

"ఆవిడే ఈవిడ రా. ఏజెన్సీకి మనుషులు చాలక ఈ అమ్మాయినే బతిమాలి పంపారు. నర్సుని కానని వచ్చిన రోజే నాకు చెప్పింది. నీకూ చెప్పేయమంది. సమయం చూసి నేనే చెబుతానన్నాను."

అబ్బాయి కాసేపు మాట్లాడలేదు.

"ఏజెన్సీ ఈవిడకెంత ఇస్తోందమ్మా?"

"16 వేలు."

"మరి మిగతా 14 వేలు నేను దేనికి కడుతున్నట్టు?"

"కోటుకి నాయనా. ఇంకా కవరు కూడా విప్పలేదు."